తయారుచేసినవాళ్ళే వదిలేసిన గిటార్ల మీద ఇంత మోజెందుకు

తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ, కాలితో పెడల్స్ తొక్కుతూ వాయించే పెడల్ స్టీల్ గిటార్ అని ఒకటుంది, దాన్ని వాయించేవాళ్ళలో ఒక వింత కనిపిస్తుంది. ఈ వాద్యం మీద ఇంతవరకు బడ్డీ ఎమన్స్ అంతటివాడు రాలేదని చాలామంది ఒప్పుకుంటారు, ఆయన 1963లో తన పేరు మీదే ఒక కంపెనీ మొదలుపెట్టి కొత్తరకం మెకానిజంతో గిటార్లు చేయించాడు, దాన్నే పుష్-పుల్ అంటారు. ఓ ఇరవై ఏళ్ళకి అదే కంపెనీ దాన్ని పక్కన పెట్టేసి లెగ్రాండ్ అనే ఇంకో మోడల్ తెచ్చింది, ట్యూనింగ్ తేలిక, సెట్టింగ్ మార్చుకోవడం తేలిక, రిపేరూ తేలికే, ఎమన్స్ కూడా ఆ కొత్తదాని మీదకి మారాడు. మరి ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో ఎమన్స్ గిటార్ కావాలనుకునేవాళ్ళు ఏది వెతుకుతున్నారయ్యా అంటే ఆయన దాటి వచ్చేసిన ఆ పాత పుష్-పుల్‌నే. లెగ్రాండ్ మంచి గిటారే, ఎవరూ కాదనరు, కానీ పుష్-పుల్ అనగానే గొంతు మారిపోతుంది.

ఇది ఒక్క ఎమన్స్ గోల కూడా కాదు. షో-బడ్ అనే ఇంకో కంపెనీ గిటార్ల దగ్గర ఇదే కథ, ఫెండర్ కంపెనీ పాత కేబుల్ గిటార్ల దగ్గరా ఇదే కథ. చేసినవాళ్ళు తలనొప్పి అనుకుని వదిలించుకున్న పద్ధతులనే తర్వాతి తరం ఏరికోరి తెచ్చుకుంటోంది. పాతదంతా బంగారం అనే మామూలు ముచ్చట అనుకోవచ్చు గానీ ఇక్కడ కొంచెం లోతుంది, ఎందుకంటే ఈ మోజులో ఒక సగానికి మెకానికల్‌గా చూపించగలిగే కారణం ఉంది, రెండో సగానికి లేదు. ఆ రెండూ కలిసిపోయి ఉండడం వల్లే ఈ విషయం మీద వాదన ఎప్పటికీ తెగదు.

ముందు వాద్యం సంగతి. స్టీల్ గిటార్ అంటే స్టీలుతో చేసిన గిటార్ అని చాలామంది అనుకుంటారు, కాదు, ఎడమ చేతిలో పట్టుకుని తీగల మీద జరిపే ఉక్కు కడ్డీ వల్ల ఆ పేరొచ్చింది. మన గోటువాద్యం మీద గుండును జరిపినట్టే. 19వ శతాబ్దం చివర్లో హవాయి దీవుల్లో జోసెఫ్ కెకుకు అనే కుర్రాడు గిటార్‌ను ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని ఇనప ముక్కతో వాయించడం మొదలుపెట్టాడని చెప్తారు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పెద్ద ఎగ్జిబిషన్ తర్వాత హవాయి సంగీతం అమెరికా మొత్తాన్ని ఊపేసింది. ఆ అల మన దేశానికీ వచ్చింది, టావ్ మో కుటుంబం కొన్నేళ్ళు కలకత్తాలోనే ఉండి వాయించింది, పాత హిందీ పాటల రికార్డింగుల్లో వాన్ షిప్లీ హవాయి గిటార్ ఉంది, బ్రిజ్ భూషణ్ కాబ్రా దాని మీద హిందుస్తానీ రాగాలు పలికించాడు, ఆ దారిలోనే వచ్చిన విశ్వమోహన్ భట్‌కి 1994లో గ్రామీ కూడా వచ్చింది. అంటే మన చెవులకి ఈ శబ్దం కొత్తేం కాదు, కాకపోతే ఇక్కడికి వచ్చింది పెడల్స్ లేని రకం. పెడల్స్ తగిలించుకున్నది మాత్రం అమెరికాలోనే పుట్టి, అక్కడి కంట్రీ మ్యూజిక్‌తోపాటే ముదిరింది.

పెడల్స్ ఎందుకు అవసరమయ్యాయంటే, తీగల మీద పెట్టేది సూటిగా ఉండే కడ్డీ కాబట్టి. మామూలు గిటార్‌లో నాలుగు వేళ్ళు నాలుగు చోట్ల పెట్టి ఏ కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుత్తి) కావాలంటే అది పట్టుకోవచ్చు, స్టీల్ గిటార్‌లో కడ్డీ ఎక్కడ పెడితే అన్ని తీగలూ అక్కడే ఆగుతాయి, కాబట్టి ట్యూనింగ్‌లో ఉన్న కార్డే పైకీ కిందకీ జరుగుతూ ఉంటుంది తప్ప ఇంకో రకం కార్డ్ కావాలంటే కష్టం. 1930ల్లో ఎలక్ట్రిక్ స్టీల్ గిటార్లు వచ్చాక (మొట్టమొదటిది రికెన్‌బ్యాకర్ వాళ్ళది, దాని ఆకారం చూసి అందరూ ఫ్రయింగ్ పాన్ అనేవాళ్ళు) వాయించేవాళ్ళు దీనికి కనిపెట్టిన పరిష్కారం ఏంటంటే ఒకే గిటార్‌కి రెండు మెడలు, మూడు మెడలు, నాలుగు మెడలు, ఒక్కోదానికి ఒక్కో ట్యూనింగ్. బల్లంత అయిపోయింది వాద్యం. దానికన్నా కాలితో తొక్కితే తీగ బిగుతు మారే ఏర్పాటు నయం కదా అని గిబ్సన్ కంపెనీ ఎలక్ట్రాహార్ప్ అని ఒకటి చేసింది, ఇండియానాపొలిస్‌లో హార్లిన్ సోదరులు మల్టీ-కోర్డ్ అని ఇంకోటి చేశారు. అయితే అప్పట్లో పెడల్ వాడకం అంటే గేర్ మార్చినట్టు, తొక్కి ట్యూనింగ్ మార్చుకుని ఆ తర్వాత మీటడం, అంతవరకే.

ఆ పద్ధతిని తిరగేసినవాడు బడ్ ఐజాక్స్. 1954లో వెబ్ పియర్స్ పాడిన "స్లోలీ" కంట్రీ చార్టులో 17 వారాలు నంబర్ వన్‌గా ఉంది, అందులో ఐజాక్స్ తీగలు మీటేసి అవి మోగుతూ ఉండగానే పెడల్ తొక్కాడు. ఒక స్వరం కదలకుండా నిలబడి ఉంటే దాని పక్కనున్న స్వరాలు మెల్లగా పైకి జారతాయి. ఇవాళ కంట్రీ పాట అనగానే మనసులో మోగే ఆ ఏడుపు లాంటి జారుడు అదే. సంగీతం తెలిసినవాళ్ళకి స్వరాల్లో చెప్తే ఇట్టే అర్థమవుతుంది, ఈ9 అనే ట్యూనింగ్‌లో ముఖ్యమైన తీగల్ని స, గ, ప అనుకోండి. ఇప్పటి లెక్కలో మొదటిది, అంటే 'ఏ' అనే పేరున్న పెడల్ తొక్కితే ప కాస్తా ద అవుతుంది, 'బి' అనే పెడల్ తొక్కితే గ కాస్తా మ అవుతుంది, రెండూ కలిపి తొక్కితే స కదలకుండా ఉండి మిగతా రెండూ జరిగి స-మ-ద అయిపోతుంది, కడ్డీ అంగుళం కూడా కదలక్కర్లేదు. వీణ మీద తీగను పక్కకి లాగి గమకం పలికించినట్టే, కాకపోతే ఇక్కడ లాగేది పాదం, పైగా ఎంత లాగాలో యంత్రం కొలిచి పెట్టి ఉంచుతుంది. ఐజాక్స్ దగ్గర ఆ రెండు లాగుళ్ళూ ఒకే పెడల్ మీద ఉండేవి, తర్వాత ఎమన్స్, జిమ్మీ డే వాటిని రెండు పెడల్స్‌గా విడగొట్టారు, ఇద్దరూ ఒకరికొకరు ఎదురు వరసలో పెట్టుకున్నారు, అందుకే ఈరోజుకీ గిటార్ ఆర్డర్ ఇస్తుంటే ఎమన్స్ సెటప్పా డే సెటప్పా అని అడుగుతారు. ఇద్దరు కుర్రాళ్ళ అలవాటు డెబ్భై ఏళ్ళ తర్వాత కూడా ఆర్డర్ ఫారంలో ఉందన్నమాట.

ఈ మోజు గురించి మాట్లాడుకునేటప్పుడు చాలామంది దాటేసే సంగతి ఇక్కడే ఉంది. వయొలిన్‌కి, పియానోకి వందల ఏళ్ళ తయారీ సంప్రదాయం ఉంది, గురువు దగ్గర నేర్చుకున్న పనివాళ్ళున్నారు. పెడల్ స్టీల్‌కి అలాంటిదేం లేదు. వాయించేవాడికి ఒక స్వరం కావాలి, అది యంత్రంలో లేదు, కాబట్టి స్క్రూడ్రైవర్ పట్టుకున్నాడు. లేదా మెషీన్ పని తెలిసిన స్నేహితుడి దగ్గరకి పోయాడు. దాదాపు ప్రతి పాత బ్రాండ్ వెనకా ఇదే కథ.

పాల్ బిగ్స్‌బీనే చూడండి. కాలిఫోర్నియాలో డౌనీ అనే ఊళ్ళో ఉండేవాడు, లోహం పోతపోయడానికి మూసలు చేసే ప్యాటర్న్ మేకర్, క్రాకర్ అనే మోటార్‌సైకిల్ కంపెనీలో పనిచేసినవాడు, స్వయంగా బైక్ రేసులకి వెళ్ళేవాడు. 1948లో స్పీడీ వెస్ట్ అనే స్టీల్ వాద్యకారుడికి పెడల్ గిటార్ చేసిచ్చాడు. తీగ కంపనాన్ని కరెంటుగా మార్చే పికప్ చుట్టుకోవడం దగ్గర్నుంచి అల్యూమినియం పోత దాకా చాలామటుకు సొంత పనే. గిటార్ ముందు భాగంలో, ప్రేక్షకులకి కనిపించేలాగా, వాయించేవాడి పేరు పెద్ద అక్షరాల్లో పొదిగి ఇచ్చేవాడు. "స్లోలీ" రికార్డులో మోగింది కూడా బిగ్స్‌బీ గిటారే. పనంతా ఒక్క మనిషి చేతి మీదే కాబట్టి చేసినవి తక్కువ, ఎదురుచూసేవాళ్ళు ఎక్కువ, చివరికి ఆయన పేరు నిలబెట్టింది కూడా స్టీల్ గిటార్ కాదు, మామూలు గిటార్లకి తగిలించే, స్వరాన్ని ఊపే వైబ్రాటో చేతి పిడి, బిగ్స్‌బీ అంటే ఇవాళ చాలామందికి అదే తెలుసు. ఆయన 1968లో పోయాడు. ఎవరో ఒకరి పేరు పొదిగి ఉన్న గిటార్‌ని ఆ తర్వాత ఎవరు కొన్నా అది ఆ మొదటి మనిషిదే అనిపించకుండా ఉండదు కదా, బిగ్స్‌బీల మీద ఉన్న భక్తిలో ఇదో భాగం.

ఫెండర్ సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. లియో ఫెండర్‌ది ఫ్యాక్టరీ బుర్ర, 1957లో ఫెండర్ 1000 అని రెండు మెడల మోడల్ తెచ్చాడు, పెడల్ నుంచి తీగ దాకా కడ్డీలు కాకుండా స్టీల్ కేబుళ్ళు, సైకిల్ బ్రేక్ లాగా అనుకోవచ్చు. ఎనిమిదేసి తీగలు, మోకాలి లీవర్లు (పెడల్ లాగే తీగ శ్రుతి మార్చేవి, కాకపోతే మోకాలితో నెట్టేవి) లేవు. యంత్రంగా చూస్తే తర్వాత వచ్చినవాటి ముందు ఇది నిలబడదు. కానీ కాలిఫోర్నియా వైపు కంట్రీ మ్యూజిక్‌లో ఉండే ఆ ఖణేల్‌మనే శబ్దం, రాల్ఫ్ మూనీ వాయించిన ఆ గలగల, దీని మీదే వచ్చింది. ఫ్లయింగ్ బరీటో బ్రదర్స్ బృందంలో స్నీకీ పీట్ క్లైనో పట్టుకున్నది కూడా ఇదే రకం కేబుల్ గిటార్, ఒకే మెడ ఉన్న ఫెండర్ 400 (ఆయన సినిమాల్లో బొమ్మల్ని కదిలించే స్పెషల్ ఎఫెక్ట్స్ పని కూడా చేసేవాడు, ఈ వాద్యం వైపు వచ్చేవాళ్ళలో యంత్రాల పిచ్చి ఉన్నవాళ్ళు ఎక్కువ అనడానికి ఇదొక సాక్ష్యం).

ఇక షో-బడ్. ఈ పేరు చెప్తే చాలు కరిగిపోయేవాళ్ళున్నారు. రాయ్ ఎకఫ్ లాంటి పెద్ద పెద్ద కంట్రీ గాయకుల పక్కన వాయించిన షాట్ జాక్సన్, అప్పటికి ఇరవై ఏళ్ళ కుర్రాడైన బడ్డీ ఎమన్స్, ఇద్దరూ కలిసి 1950ల రెండో సగంలో, కంట్రీ మ్యూజిక్‌కి రాజధాని లాంటి నాష్‌విల్ ఊళ్ళో మొదలుపెట్టారు. షాట్‌లోంచి షో, బడ్డీలోంచి బడ్. మొదట్లో ఉన్న గిటార్లకి పెడల్స్ బిగించడం, తర్వాత సొంతంగా మొత్తం గిటార్ కట్టడం. 1963కల్లా ఎమన్స్ బయటికి వెళ్ళిపోయాడు, జాక్సన్ కొడుకులతో కలిసి నడిపాడు. వాళ్ళ షాపు నాష్‌విల్ బ్రాడ్‌వే వీధిలో 416 నంబర్ భవనంలో ఉండేది, అప్పట్లో గ్రాండ్ ఓల్ ఓప్రీ అనే కంట్రీ రేడియో షో జరిగిన రైమన్ హాలుకి అక్కణ్ణుంచి నడిచిపోయేంత దూరం. షోకి ముందు పెడల్ ఇరుక్కుపోతే వచ్చి బాగుచేయించుకుని పోవచ్చు, షాపులో ఉన్నవాళ్ళూ వాయించేవాళ్ళే కాబట్టి ఇంకో లీవర్ కావాలంటే ఎందుకని అడగరు, ఎక్కడ పెట్టాలని అడుగుతారు. తయారీదారుకీ వాయించేవాడికీ మధ్య డీలర్ లేడు, కస్టమర్ కేర్ నంబర్ లేదు. ఇప్పుడు ఆ భవనంలో రాబర్ట్స్ వెస్టర్న్ వరల్డ్ అనే బార్ నడుస్తోంది, పాతకాలపు కంట్రీ పాటలకి పేరున్న చోటు.

షో-బడ్ అందం వేరు. నున్నటి లక్కర్ కింద చిన్న చిన్న కళ్ళలాంటి చుక్కలున్న మేపుల్ చెక్క, ఫ్రెట్‌బోర్డ్ మీద గుర్తులకి బదులు పేకముక్కల బొమ్మలు, ఆఠీను, ఇస్పేటు, డైమను, కళావరు. మోడళ్ళ పేర్లు కూడా అంతే, ఒకదాని పేరు పర్మనెంట్, ఆర్డర్ ఇచ్చినప్పుడు పెడల్స్ ఎలా అమర్చి ఇచ్చారో ఇక అంతే అని అర్థం, ఆ తర్వాత వచ్చినదాని పేరు ఫింగర్‌టిప్. నాష్‌విల్‌లో వేల పాటలకి వాయించిన లాయిడ్ గ్రీన్ కోసం ఎల్‌డీజీ అని ఒక మోడల్ చేశారు. అందులో విశేషం ఏంటంటే రెండు మెడలు పట్టే వెడల్పున్న బాడీ మీద ఒకే మెడ, రెండోది ఉండాల్సిన చోట చేతులు ఆనించుకునే మెత్త. గ్రీన్‌కి రెండో మెడ అక్కర్లేదు, కానీ ఆ వెడల్పు చెక్కతో వచ్చే నిండుతనం కావాలి. ఒక వాద్యకారుడి అవసరం ఒక మోడల్ అయిపోయింది, దాన్ని చూసి వేరేవాళ్ళూ అలా మెత్త వేయించుకోవడం మొదలుపెట్టారు.

ఎమన్స్ బయటికొచ్చి నార్త్ కరోలినాలో బర్లింగ్‌టన్ అనే ఊళ్ళో రాన్ లాష్లీతో కలిసి చేసిన పుష్-పుల్ దగ్గరికి వస్తే ఇక్కడ కొంచెం ఓపిగ్గా మెకానిజం అర్థం చేసుకోవాలి, ఎందుకంటే మోజులో నిజం ఉన్న సగం ఇదే. తీగ చివర ఒక లోహపు ముక్క మీదుగా వంగి దిగుతుంది, దాన్ని ఫింగర్ అంటారు, పెడల్ తొక్కితే కింద కడ్డీలు ఆ ఫింగర్‌ని తిప్పుతాయి, తీగ బిగుసుకుని శ్రుతి పెరుగుతుంది లేదా వదులై తగ్గుతుంది. ఇప్పుడు అందరూ వాడే ఆల్-పుల్ పద్ధతిలో పెంచడానికీ తగ్గించడానికీ రెండిటికీ కడ్డీని లాగడమే, దానికోసం ఫింగర్‌ని రెండు మూడు ముక్కలుగా చేసి రివెట్లు కొట్టి కలుపుతారు, తొక్కనప్పుడు దాన్ని స్ప్రింగ్ పట్టి ఉంచుతుంది. పుష్-పుల్‌లో అలా కాదు, పెంచడానికి కడ్డీ లాగుతుంది, తగ్గించడానికి ఇంకో కడ్డీ నెడుతుంది, కాబట్టి ఫింగర్ ఒకే ముక్కగా ఉండొచ్చు, ఏ పెడలూ తొక్కనప్పుడు అది గట్టి ఆనుడికి ఆనుకుని కదలకుండా ఉంటుంది. తీగ కంపనం రివెట్ల సందుల్లో, స్ప్రింగుల్లో నలిగిపోకుండా నేరుగా గిటార్ ఒంట్లోకి దిగుతుంది. తీగ ఎక్కువసేపు మోగుతుంది, పై స్వరాలు పల్చబడవు. పుష్-పుల్ అభిమానులు టోన్ టోన్ అని కొట్టుకునేది దీని గురించే, ఇందులో మూఢనమ్మకం ఏమీ లేదు.

మరైతే ఎందుకు వదిలేశారు? ట్యూనింగ్ నరకం కాబట్టి. పెంచేది, తగ్గించేది రెండూ ఉన్న తీగ అయితే ఒకటి సరిచేస్తే ఇంకోటి కదిలిపోతుంది, ఒక వరసలో చేయకపోతే సాయంత్రం అయిపోతుంది. పాత అమరికలో ఒక మార్పు కావాలంటే గిటార్ బోర్లా పడేసి లోపల చాలానే విప్పాలి, అదీ తెలిసినవాడు విప్పాలి. డాలస్‌లో మారిస్ యాండర్సన్ వాళ్ళ ఎంఎస్‌ఏ కంపెనీ ఆల్-పుల్ పద్ధతిని పెద్ద ఎత్తున తీసుకెళ్ళాక వాయించేవాళ్ళకి అర్థమైంది ఇన్నాళ్ళూ ఎంత తిప్పలు పడుతున్నారో. చివర్లో ప్లాస్టిక్ నట్లు వరసగా ఉంటాయి, ఒక్కోటి తిప్పితే ఒక్కో స్వరం సరిపోతుంది, ఏ పెడల్‌కి ఏ తీగ కావాలంటే ఆ కడ్డీ మార్చుకోవచ్చు. గిటార్ని కారులో వేసుకుని రోజుకో ఊరు తిరిగేవాడికి, అదీ రెండు మెడలది కేసుతో కలిపి 30 కిలోల దాకా బరువుండేదాన్ని మోసుకుని తిరిగేవాడికి, టోన్‌లో ఓ పిసరు తగ్గినా పర్లేదు స్టేజీ మీద శ్రుతి తప్పకుండా ఉంటే చాలు. కాబట్టి పరిశ్రమ మొత్తం ఆల్-పుల్ వైపు వెళ్ళింది, వెళ్ళడం కరెక్టే కూడా.

అలా వెళ్ళినప్పుడు ఇంకోటి కూడా జరిగింది, అది ఎవరూ కావాలని చేసింది కాదు. 1950లు, 60ల్లో ఏ గిటార్ కింద తొంగి చూసినా వేరే యంత్రం కనిపించేది, బిగ్స్‌బీది ఒకలా, ఫెండర్‌ది ఇంకోలా, షో-బడ్ అయితే కొన్నేళ్ళకోసారి తన పద్ధతే తను మార్చుకునేది, జేన్ బెక్ అనే ఆయన చేసిన జెడ్‌బీ గిటార్లు మళ్ళీ వేరు (గ్రేట్‌ఫుల్ డెడ్ బృందంలోని జెర్రీ గార్సియా కొనుక్కున్నది ఈ జెడ్‌బీనే). శబ్దం విని ఇది ఫెండర్, ఇది షో-బడ్ అని చెప్పగలిగే తేడా ఉండేది. ఇప్పటి మంచి గిటార్లన్నీ మెషీన్ మీద చాలా కచ్చితంగా కోసినవి, దాదాపు అన్నీ ఆల్-పుల్, అన్నీ నమ్మకంగా పనిచేస్తాయి, కిందికి వంగి చూస్తే అన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి. పనితనంలో కొత్తవాటికి వంక పెట్టడానికి లేదు. లేనిది ఏంటంటే వేరువేరు మనుషులు వేరువేరుగా తప్పులు చేస్తూ వెతుక్కున్న ఆ గుర్తు. మోజు పడేది దాని మీద.

ఇక రెండో సగం, మెకానిజంతో చూపించలేనిది. ఒక మనిషి పదహారేళ్ళప్పుడు రేడియోలో విని మనసు పారేసుకున్న శబ్దం ఏ గిటార్ మీద వచ్చిందో ఆ గిటారే ఆయనకి మంచి గిటార్. లాయిడ్ గ్రీన్ రికార్డు విని పెరిగినవాడు షో-బడ్‌లో వెచ్చదనం ఉందంటాడు, ఎమన్స్ విని పెరిగినవాడు పుష్-పుల్‌లో స్పష్టత ఉందంటాడు. కానీ ఆ రికార్డులో గిటార్ ఒక్కటే లేదు, పికప్ ఉంది, వాల్యూమ్ పెడల్ ఉంది, వాల్వులున్న ఫెండర్ ఆంప్ ఉంది, నాష్‌విల్ స్టూడియో గది ఉంది, టేపు ఉంది, ఆ ఇంజనీరు చెవి ఉంది, అన్నిటికంటే ముఖ్యంగా ఆ చేయి ఉంది. స్టీల్‌లో టోన్‌ని మార్చేవి చాలామటుకు మనిషి దగ్గరే ఉంటాయి, తీగని ఎక్కడ మీటాడు, కడ్డీ ఎంత నొక్కాడు, మీటిన దెబ్బ వినపడకుండా వాల్యూమ్ పెడల్‌ని ఏ క్షణంలో తెరిచాడు, మణికట్టు వణుకు ఎంత. ఎమన్స్ లెగ్రాండ్ మీద వాయించినా ఎమన్స్ లాగే ఉంటుంది, ఇంకొకరు ఆయన పాత పుష్-పుల్ మీద కూర్చున్నా ఆయన లాగా ఉండదు. ఈ మాట పాత గిటార్ల అభిమానులకీ తెలుసు, తెలిసీ కొంటారు, ఎందుకంటే చేయిని కొనలేరు కదా, గిటార్ని కొనగలరు.

పైగా పాత గిటార్లలో నిజంగానే చెత్త ఉంది, మోజు మాటల్లో అది కనపడదు. 1970ల్లో గిరాకీ పెరిగి షో-బడ్ ఎక్కువ సంఖ్యలో చేయాల్సి వచ్చినప్పుడు లోపలి భాగాలు చాలావాటికి చవకరకం పోత లోహం వాడారు, పాట్ మెటల్ అంటారు, అది ఏళ్ళు గడిచేకొద్దీ పెళుసైపోయి పుటుక్కున విరుగుతుంది. పాతవి చాలావాటిలో పెడల్స్ తొక్కగానే ఒళ్ళంతా కాస్త వంగుతుంది, తొక్కని తీగల శ్రుతి కూడా ఓ వెంట్రుక కిందికి జారుతుంది, క్యాబినెట్ డ్రాప్ అంటారు దీన్ని. ఇన్నాళ్ళకి షాఫ్టులు అరిగిపోయి లొడలొడలాడుతుంటాయి, మోకాలి లీవర్లు టకటకమంటాయి, స్టూడియోలో మైకు దగ్గరగా ఉంటే అది కూడా వినిపిస్తుంది. నేర్చుకోవాలనుకునే కుర్రాడెవరైనా ముందు పాత షో-బడ్ కొంటానంటే వద్దనడమే మంచిది, వాయించడం కన్నా బాగుచేయడమే ఎక్కువ నేర్చుకుంటాడు. (కొంతమంది అలా బాగుచేస్తూనే తర్వాత తయారీదారులయ్యారు అనేది వేరే సంగతి. షో-బడ్‌లో పనిచేసిన పాల్ ఫ్రాంక్లిన్ సీనియర్ తర్వాత సొంత పేరుతో గిటార్లు చేశాడు, కొడుకు పాల్ ఫ్రాంక్లిన్ నాష్‌విల్ సెషన్లలో పెద్ద పేరు.)

ఈ మోజుకి ఇంకో కారణం అంకెల్లో ఉంది. ఎలక్ట్రిక్ గిటార్లు లక్షల్లో తయారవుతాయి, పెడల్ స్టీల్ ఎప్పుడూ అంతటి మార్కెట్ చూడలేదు. కంట్రీ పాటలే పాప్ వైపు జరిగి స్టీల్ వాడకం తగ్గించుకున్నాక 1980ల మొదట్లో షో-బడ్ ఆగిపోయింది, ఎంఎస్‌ఏ కూడా అప్పుడే ఆగింది, చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ మొదలైంది. మిగిలినవి చిన్న చిన్న షాపులు, కొన్నిచోట్ల ఇద్దరు ముగ్గురు, కొన్నిచోట్ల ఒక్కడే, ఆ ఒక్కడూ పోతే బ్రాండ్ పోయినట్టే. షాట్ జాక్సన్ 1991లో పోయాడు, జిమ్మీ డే 1999లో, రాల్ఫ్ మూనీ 2011లో, ఎమన్స్ 2015లో. ఈ తరం పనిలో చాలా భాగం కాగితం మీద లేదు, ఏ సంవత్సరం ఏ భాగం ఎందుకు మార్చారు, ఈ రంధ్రం ఇక్కడే ఎందుకు వేశారు అంటే చెప్పేది ఆ చేసినవాళ్ళే. అందుకే పాత గిటార్ గురించిన మాటల్లో ఎప్పుడూ మనుషుల పేర్లు దొర్లుతుంటాయి, ఫలానా గిటార్‌ని ఫలానా ఆయన బిగించాడు, తర్వాత ఫలానా ఆయన దగ్గర లీవర్ పెట్టించారు అని. మన ఇళ్ళల్లో పాత వీణకో మృదంగానికో ఏ ఊరి పనివాడు చేశాడో చెప్పుకుంటామే, అలాగే.

ఈమధ్య కంట్రీ బయట కూడా స్టీల్ వినిపిస్తోంది. నిజానికి ఎప్పుడూ వినిపిస్తూనే ఉంది, నైజీరియాలో జూజూ అనే అక్కడి సంగీతం వాయించే కింగ్ సన్నీ అడే బృందంలో ఉంది, అమెరికాలో హౌస్ ఆఫ్ గాడ్ అనే నల్లజాతివారి చర్చిల్లో ప్రార్థనలో భాగంగా దశాబ్దాలుగా ఉంది, రాబర్ట్ రాండాల్ఫ్ వచ్చింది అక్కణ్ణుంచే, 1983లో బ్రయన్ ఈనోతో డానియల్ లన్వా చేసిన అపోలో ఆల్బంలో అంతరిక్షంలో తేలుతున్నట్టు వినిపిస్తుంది. ఇలా బయటి దారుల్లో వచ్చేవాళ్ళకి నాష్‌విల్ జ్ఞాపకాలు లేవు, "స్లోలీ" రేడియోలో విన్నదీ లేదు. అయినా వాళ్ళలో చాలామంది పాత గిటార్ వైపే చూస్తారు, ఒక్కో పాతదానికి ఒక్కో గొంతు ఉంటుంది కాబట్టి, మెల్లగా తేలుతూ సాగే యాంబియంట్ సంగీతం చేసేవాడికి సెటప్ మార్చుకునే వెసులుబాటు కన్నా ఆ గొంతే ముఖ్యం కాబట్టి. జ్ఞాపకం లేనివాడికి కూడా మోజు పుట్టిందంటే మొత్తం మనసు ఆడే ఆట కాదని తేలుతుంది, అలాగని మొత్తం ఫింగర్లూ రివెట్లూ కూడా కాదు.

గిరాకీ ఉంది కాబట్టి పాత షో-బడ్‌లకి విరిగిపోయే పాట్ మెటల్ భాగాల బదులు గట్టి అల్యూమినియంతో కొత్తవి కోసి అమ్మేవాళ్ళు పుట్టుకొచ్చారు, పుష్-పుల్ మెకానిజాన్నే మళ్ళీ కొత్తగా కట్టేవాళ్ళూ ఉన్నారు, ఈసారి పాత ట్యూనింగ్ తిప్పలు కొన్ని తగ్గించి. చెక్క పాతది, లోపల సగం యంత్రం కొత్తది అయ్యాక అది ఇంకా 1972 షో-బడ్ అవుతుందా కాదా అని వాదించుకునేవాళ్ళు వాదించుకుంటూనే ఉంటారు. మార్పించుకున్నవాళ్ళు మాత్రం విరిగిన పాత భాగాల్ని పారేయరు, ఒక కవర్లో చుట్టి గిటార్ కేసులోనే ఓ మూల పెట్టి ఉంచుతారు, రేపు అమ్మాల్సి వస్తే కొనేవాడు మొదట అడిగేది వాటినే.